పాలమూరి కిన్నెరయు, జపాను వెదురువేణువును

మన యిండ్లలో సంగీతమనగానే వీణ, ఫిడేలు, హార్మోనియము అను మూడు వాద్యములే తలంపునకు వచ్చును. పెండ్లిచూపులనాడు ఆడపిల్ల వీణముందు కూర్చుండుట యొక మర్యాదగా నెంచబడిన కాలము మన అమ్మమ్మలది. పిల్లనగ్రోవిని శ్రీకృష్ణుని చేతిలో, గోడపటమున, నిత్యము చూచుచునే యుందుము. దానిని మన పిల్లల చేతికిచ్చిన యిల్లాండ్రు మాత్రము మిక్కిలి తక్కువ. ఇక కిన్నెర మాట చెప్పనక్కరయే లేదు. కమ్మని గొంతుగల స్త్రీని కిన్నెరకంఠి యని కావ్యములు వర్ణించుట విన్నవారే కాని, ఆ కిన్నెరను కన్నులార చూచినవారు మనలో నెందరు?

ఆ వాద్యము నేటికిని తెలుగునాటనే, పాత పాలమూరు జిల్లాలో, ఒక వెదురుబొంగును మూడు సొరబుర్రలను ఆశ్రయించి బ్రతికియున్నది. దాని కథను, జపానుదేశపు వెదురువేణువు కథను ప్రక్కప్రక్కన నుంచి మీకు వినిపింపవలెనని నా కోరిక. ఒకటి తంతులతో పలుకునది, రెండవది ఊపిరితో పలుకునది. వీనికి పొత్తేమని మీరడుగవచ్చును. రెండింటికిని ప్రాణము వెదురే. రెండును పక్కవాద్యముల యక్కర లేక ఒక్క మనిషిచేతిలోనే పలుకును. రెండును ఊరూర తిరిగి భిక్షమెత్తినవారి సొత్తులు. వీనిలో నొకటి మృత్యుముఖమునుండి బయటపడినది. మరియొకటి యింకను బయటపడవలసియున్నది.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబునగరు జిల్లానుండి వేరుపడినవి. కాని యా సీమకు పాలమూరను పాతపేరే జనుల నాలుకపై నిలిచియున్నది. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, దానికి తూర్పున వనపర్తి, ఆపైన నల్లమల యడవుల నంటి నాగరుకర్నూలు. ఒకప్పుడు గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు కవిపండితులకు పుట్టినిండ్లుగ నుండెడివి. గద్వాలను 'విద్వద్గద్వాల' యనిరి. తిరుపతి వేంకటకవు లీ సంస్థానములలో అవధానములు చేసి సన్మానములందిరి. ఆ కవుల పేర్లు మన బడిపిల్లలకును తెలియును. అదే సీమలో చెట్టునీడను, వాడకొసను కూర్చుండి కథ చెప్పిన కిన్నెరవాద్యకాండ్ర పేర్లు పుస్తకములలో వెదకిన దొరకుట మిక్కిలి అరుదు.

నేడు మనకు పేరు తెలిసిన కిన్నెరవాద్యకారుడు దర్శనం మొగులయ్యగారు. నాగరుకర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట యాయన స్వగ్రామము. ఆయన వాయించునది పండ్రెండు మెట్ల కిన్నెర. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగినది.

ఆ వాద్యమెట్లుండునో చెప్పెదను. పొడవైన వెదురుబొంగు దానికి వెన్నెముక. బొంగునకు దిగువను ఎండిన సొరబుర్రలు మూడింటిని బిగింతురు. మనము పులుసులో తరుగుకొను సొరకాయయే తీగెమీద ముదిరి, ఎండి, లోని గుజ్జు విడిచినప్పుడు నాదమునకు ఇల్లగును. విత్తనమునకని చూరున వ్రేలాడగట్టిన సొరబుర్రను వ్రేలితో తట్టిచూచిన వారికి ఆ మాట నిజమని తోచకపోదు. బొంగుమీద పండ్రెండు మెట్లు వరుసగా తేనెమైనముతో నిలుపబడి యుండును. మన వీణమీది మెట్లను నిలుపునదియు మైనమే గదా! ఎద్దుకొమ్ము, లోహపు తంతులు, అద్దపు బిళ్ళలు, నెమలియీకలు కూడ చేరి కిన్నెర పూర్తియగును. పూర్వము తంతులకు జంతువుల నరములను, మెట్లకు అలుగు పొలుసులను వాడెడివారని పెద్దలందురు. అలుగు నేడు చట్టముచే రక్షింపబడు జంతువు. ఆ పొలుసులు లేకున్నను కిన్నెరకు లోటు రాలేదు.

ఇది యెవరో పల్లెవారు వినోదమునకై కల్పించుకొన్న బొమ్మ యని తలపరాదు. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువులో నుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున కిన్నరీవీణను వర్ణించియున్నాడు. వెదురుదండము, దానికి బుర్రలు, గ్రద్దయెముకలతోనో లోహముతోనో చేసి మైనమున నిలిపిన మెట్లు అని యాయన చెప్పిన లక్షణములను పాలమూరి కిన్నెరప్రక్కన నుంచి చూచిన, ఒక తల్లిబిడ్డలే యని తెలియుచున్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నెర బ్రహ్మయ్య యను భక్తుని కథ కలదు. అతని పేరిలోనే వాద్యమున్నది. రాజసభకును శాస్త్రమునకును దగ్గరగా నుండిన యీ కిన్నెర కాలక్రమమున సభలను విడిచి, ఊరిబయటి గుడిసెలలో తల దాచుకొన్నది.

ఆ గుడిసెలు డక్కలివారివి. డక్కలివారు మాదిగలను ఆశ్రయించి జీవించు చిన్నకులమువారు. మాదిగలకు వారి వంశక్రమమును, జాంబపురాణమును వినిపించి, వారిచ్చిన దానితో బ్రతుకుట వీరి వృత్తి. తక్కిన యూరు మాదిగలను దూరముంచగా, వీరు వారికంటెను దూరమున నుంపబడిరి. అంతటి దూరమునకు నెట్టబడిన వారే ఎనిమిదివందల యేండ్లనాటి శాస్త్రగ్రంథములోని వాద్యమును విడువక కాపాడిరనుట తలచినకొలది సిగ్గును, ఆశ్చర్యమును కూడ కలిగించును. ఆ సిగ్గు మనది.

పురాణములే కాక సీమ వీరుల కథలను కూడ వీరు కిన్నెరపై పాడుదురు. పండుగల సాయన్న కథ వానిలో ముఖ్యము. నిజాము పాలనలో పాలమూరు ప్రాంతమున కలవారిని దోచి లేనివారికి పంచిపెట్టి, కడకు అధికారులకు చిక్కి ప్రాణములు కోల్పోయిన వాడని సాయన్నను జనులు నేటికిని తలంతురు. సర్కారు దృష్టిలో దొంగ. పేదరాలి దృష్టిలో దేవుడు. పానగల్లు మియాసాబు కథయు ఇట్టిదే. కథకుడు కొంత పాడి, కొంత మాటలతో నడిపి, మాట యాగినచోట కిన్నెరను పలికించును. గాయకుడు, కథకుడు, వాద్యకాడు అన్నియు నొక్కడే. పక్కన తాళము వేయువాడైనను అక్కరలేదు.

అయితే యీ ఒంటితనములోనే అపాయమున్నది. మేళగాండ్రు పదిమంది యున్నచో ఒకడు పోయినను పాట నిలుచును. ఒక్కనిచేతి వాద్యము ఆ ఒక్కనితోనే పోగలదు. దీనికి స్వరలిపి లేదు, పాఠ్యపుస్తకము లేదు. తండ్రి వాయించుచుండగా కొడుకు చూచి నేర్చుకొనుటయే పాఠశాల. కొడుకు పట్టణమునకు కూలికి పోయెనా, పాఠశాల మూతపడినట్లే.

ఇట్టి గండము జపానుదేశపు వెదురువేణువునకు 1871లో వచ్చినది. అది దానినుండి యెట్లు గట్టెక్కెనో తెలిసికొన్న మనకు మేలగును గనుక, ఆ కథను కొంచెము విపులముగా చెప్పెదను.

ఆ వేణువు పేరు షాకుహాచి. షాకు అనునది వారి అడుగు. హాచి యనగా ఎనిమిది. ఒక షాకు, దానిపై ఎనిమిది అంగుళముల వంటి కొలత కలది గనుక షాకుహాచి. మనము మూరెడు పూలు అన్నట్లు కొలతయే పేరయినది. మన లెక్కలో 54.5 సెంటీమీటర్లు. మన పిల్లనగ్రోవిని అడ్డముగా పట్టుదుము. దీనిని నిలువుగా పట్టి, కొనను క్రిందిపెదవి కానించి, అంచుపై ఊదుదురు. ముందువైపు నాలుగు, వెనుక నొకటి, మొత్తము ఐదే రంధ్రములు.

వెదురును వారు నేలకు పైన కోయరు. చలికాలమున వేళ్ళతో కూడ త్రవ్వి తీసి, మొదలుభాగమునే గ్రహింతురు. నిప్పుసెగ చూపి అందలి జిడ్డును కార్చి, ఏండ్లతరబడి ఆరనిత్తురు. పిమ్మట కణుపులు తొలిచి, లోపల లక్కవంటి పూత పూసి నునుపు చేయుదురు. పెదవి తగులుచోట దున్నకొమ్ము తునుక నొకదానిని పొదుగుటయు కలదు. పాలమూరి కిన్నెరలో ఎద్దుకొమ్ము, జపాను వేణువులో దున్నకొమ్ము! ఎచ్చటెచ్చటివారు ఏ యాలోచనతో ఒకే వస్తువును చేపట్టిరో!

సంగీతము నేర్చిన సోదరీమణులకు ముచ్చటగొల్పు సంగతి యొకటి యున్నది. అన్ని రంధ్రములను మూసి యూదిన పలుకును షడ్జమనుకొని, ఒక్కొక్క వ్రేలిని క్రిందనుండి తీయుచు పోయిన, వరుసగా స, గ, మ, ప, ని పలుకును. అది మన శుద్ధధన్యాసి! ఏ యెరుకయు లేని పసివాడు ఆ వెదురుమీద వ్రేళ్లెత్తినను ఆ రాగపు మెట్లే వచ్చును. కాని జపానువారి పాతపాటలు అచ్చట నాగవు. రంధ్రమును సగము మూసియు, గడ్డమును వంచి యూపిరి దారిని మార్చియు, స్వరములనడుమ నున్న సన్నని స్థానములను పలికింతురు. మన గమకమునకు వ్రేలెంతయో వారికి తల యంత. తల యాడించుట నేర్వ మూడేండ్లని వారిలో నొక నానుడి కలదు. ఆ మూడేండ్లు మన ఆడపిల్లలు సరళీవరుసలతో జంటవరుసలతో పడు పాట్లకు తీసిపోవు.

ఈ వేణువు జపానునకు చీనానుండి వచ్చినది. నారా పట్టణమున షోసోయిన్ అను భాండాగారమున 8వ శతాబ్దమునాటి వేణువులు ఎనిమిది భద్రముగా నున్నవి. వానిలో వెదురువియే కాక, రాతితోను దంతముతోను చేసినవియు కలవు. కాని నేటి షాకుహాచికి ప్రాణము పోసినవారు తరువాతి కాలపు భిక్షువులు. కొముసో లని వారిపేరు. వారు బౌద్ధములో ఫుకే యను శాఖకు చెందినవారు. ప్రభువులను కోల్పోయిన సైనికులు పలువురు ఆ శాఖలో చేరిరి. తలపై పెద్ద బుట్టను బోర్లించుకొని, మొగము కనుపింపకుండ, గడపగడప ముందు నిలిచి వేణువూది భిక్ష గ్రహించుట వారి యాచారము. వారు దానిని పాట యనలేదు. ధ్యానము చేయువాడు కన్నులు మూసి కూర్చుండినట్లు, తాము ఊదుచు ధ్యానింతుమనిరి. ఆ వేణువు నూదుటకు ప్రభుత్వము వారికి మాత్రమే యధికార మిచ్చియుండెను. ఊరునుండి ఊరికి అడ్డులేక తిరుగు హక్కును వారికి కలదు.

వారు ఊదిన పాటలన్నియు ఒంటిపాటలే. తాళము లేదు. ఒక యూపిరి యెంతవరకు నిలుచునో అంతవరకొక పలుకు. ఊపిరి తీయునప్పటి మౌనమును పాటలో భాగమే. వానిలో అత్యంత ప్రాచీనములుగా నెన్నబడు మూడింటిలో నొకదాని పేరు 'కొకూ', శూన్యాకాశమని యర్థము. ఎడో నగరమున, అనగా నేటి టోక్యోలో, కురొసావా కింకో (1710-1771) అనునతడు నానామఠములలో విడివిడిగా నున్న యిట్టి పాటలను సేకరించి, దిద్ది, ముప్పదియారింటిని ఒక వరుసను కూర్చెను. ఈ కింకో చేసిన పని చిన్నదిగా కనుపించును. అదియే తరువాత ఆ వాద్యమునకు ప్రాణభిక్ష యయినది.

ఆ ముప్పదియారింటిలో మనవంటి గృహిణులకు దగ్గరగా తోచునది కొంగల గూటి పాట. గూడు కట్టుకొనుట, పిల్లలను పొదిగి పెంచుట, కడకు రెక్కలువచ్చిన పిల్లలు ఎగిరిపోవుట అందలి విషయము. మాట యొక్కటియు లేదు. వేణునాదము వణకి వణకి రెక్కల చప్పుడగును, పిల్లల కూతయగును, తల్లి పిలుపగును. పెండ్లిచేసి పిల్లనంపిన సాయంకాలము ఆ పాట వినినచో మనలో పలువురకు అర్థము చెప్పువారక్కరలేదు.

1871లో జపాను ప్రభుత్వము ఫుకే శాఖను రద్దు చేసినది. మఠములు పోయినవి, భిక్షాటనపు హక్కులు పోయినవి. వేణువుతో బ్రతికినవారు ఒక్కనాటితో వీథిపాలైరి. భిక్షువుల సొత్తుగా నుండిన వాద్యము, భిక్షువులే లేకపోగా, ఏమి కావలెను? అప్పుడు యోషిదా ఇచ్చో, అరాకి కొడో అను నిద్దరు విద్వాంసులు అధికారులకు మనవి చేసి, వేణువును మతమునుండి విడదీసి సంగీతవాద్యముగ నెవరైనను వాయించుకొనుటకు సెలవు పొందిరి. అది ఇండ్లలోనికి వచ్చినది. జపాను ఇండ్లలో కోటో యను పెద్ద తంత్రీవాద్యమును ఆడపిల్లలకు నేర్పు ఆచారము మన వీణవంటిదే. మఠమునుండి తరిమివేయబడిన వేణువు ఆ కోటోప్రక్కన చోటు సంపాదించుకొన్నది. వేణువును బ్రతికించినవారిలో కోటో నేర్చిన యిల్లాండ్రు కలరని నేను చెప్పుదును. చరిత్రలు వ్రాయువారు ఈ సంగతిని గట్టిగా చెప్పరు.

ఆ పొత్తునుండి క్రొత్తపాటలు పుట్టినవి. చిన్ననాడే చూపు కోల్పోయిన మియాగి మిచియో (1894-1956) అను కోటో విద్వాంసుడు 1929లో కోటోకును వేణువునకును కలిపి 'వసంతసముద్రము' అను పాట కట్టెను. రెనే షెమే యను పరాసు స్త్రీ అందలి వేణువు పాలును ఫిడేలుపై నెత్తుకొని, మియాగితో కలిసి 1932లో వాయించినది. నేటికిని ఉగాదినాడు మన యిండ్ల పచ్చడి వలె, జపానులో క్రొత్తసంవత్సరమునకు ఆ పాట వినబడవలసినదే. 1896లోనే నాకావొ తొజాను ఒసాకా నగరమున క్రొత్త సంప్రదాయ మొకటి స్థాపించి, స్వరలిపిని సులువుచేసి వేలమందికి వేణువు నేర్పుటకు దారి చేసియుండెను. పాతవారిలో కొందరు, ధ్యానము బజారున పడెనని విలపించియుందురు. అట్లు పడకయున్న, నేడు విలపించుటకైనను వేణువుండెడిది కాదు.

ఒంటిపాట మాత్రము ఈ సందడిలో పోలేదు. మొరోయి మకోటో యనునాయన 1964లో ఒంటివేణువునకై ఐదుభాగముల క్రొత్తకృతి రచించెను. ఆయన పాశ్చాత్యసంగీతము నేర్చినవాడు. అయినను పాత భిక్షువుల ఊపిరిని, గాలిచప్పుడును, మౌనమును విడువలేదు. 1967 నవంబరులో న్యూయార్కు నగరమున తకెమిత్సు తోరు రచన యొకటి పెద్ద వాద్యబృందముతో కూడ వినబడెను. అందు జపాను వాద్యములు రెండే: యొకొయామా కత్సుయా వేణువు, త్సురుతా కిన్షి బివా. ఈ త్సురుతా కిన్షి స్త్రీ (1911-1995). నూరేండ్లకు పైబడిన ఆ వాద్యబృందముముందు బివాను పట్టుకొని కూర్చుండిన ఆమె పేరును ప్రత్యేకముగా వ్రాయుట న్యాయమని తోచినది.

తకెమిత్సు ఆ రచనలో జపాను వాద్యములను పాశ్చాత్య వాద్యములను పాలునీళ్ళవలె కలుపలేదు. కలుపరాదనియే నిశ్చయించుకొని, రెండింటి భేదమును స్పష్టముగా వినిపించెను. ఈ సూక్ష్మము గద్వాల చీర కట్టిన వారికి సులభముగా బోధపడును. ఒడలు నూలు, అంచు పట్టు. నూలును పట్టుగా చూపు ప్రయత్నము లేదు. రెండు జాతుల పోగులు మగ్గముమీదనే ఒకదానినొకటి పట్టుకొని నిలుచును. రెండును వేరువేరుగ కనుపించుటయే ఆ చీర యందము. యొకొయామా వాద్యమునందును ఇట్టి కూర్పే యున్నది. ఆయన పాత భిక్షువుల బాణీని వతాజుమి యను విచిత్రపు గురువు నొద్దను, క్రొత్త బాణీని ఫుకుదా రాందో నొద్దను నేర్చెను.

1977లో అమెరికావారు వాయేజరు అను రెండు నౌకలను నక్షత్రముల దారిని పంపిరి. వానిలో బంగారుపూత పూసిన రాగిపళ్ళెములపై భూలోకపు సంగీతమును చెక్కి యుంచిరి. అందు యమగుచి గొరో ఊదిన కొంగల గూటి పాట యున్నది. ఐదునిమిషములకు కొంచెము తక్కువ. అదే పళ్ళెమున మన దేశపు గానముగా వినబడునది కేసర్‌బాయి కేర్కరు పాడిన భైరవి. గడపముందు భిక్షకు నిలిచిన వేణువు, ఒక భారతస్త్రీ కంఠము నేడు సూర్యమండలము దాటి పోవుచున్నవి.

ఇక పాలమూరికి వత్తము. కిన్నెరకును తన 1871 ఒకటి వచ్చినది. ఏ సర్కారును దాని కుత్తరువు వ్రాయలేదు, అంతియే భేదము. కథ వినువారు సినిమాకును దూరదర్శనమునకును పోయిరి; ఆశ్రయమిచ్చిన కులమువారికే కూలి దొరకని కరవులు వచ్చినవి; పాలమూరు వలసకూలీలకు పేరుమోసినది. అట్టి స్థితిలో 2021లో 'భీమ్లానాయక్' అను చలనచిత్రపు పాట మొదటిపంక్తులను మొగులయ్యగారిచేత పాడించిరి. ఆ కొన్ని క్షణములతో కిన్నెరపేరు దేశమంతట మ్రోగెను. మరుసటియేడు పద్మశ్రీ వచ్చెను. రాష్ట్రప్రభుత్వము కోటి రూపాయలును, ఇంటిస్థలమును ప్రకటించెను. ఎనిమిదవ తరగతి పాఠములో ఆయన ప్రసక్తి చేరినది. 2024లో అదే మొగులయ్యగారు హైదరాబాదు దాపున కట్టడపు పనిలో కూలిచేయుచున్నారని పత్రికలు వ్రాసినవి. పద్మశ్రీ పతకము పెట్టెలో నుండగా తలపై ఇటుకతట్ట! ఆ యేడే పద్మశ్రీ పొందిన మరియొక పాలమూరి కళాకారుడు, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పగారు, ఆయనది బుర్రవీణ. ఇట్టి గౌరవములను నేను తక్కువ చేయను. కాని పతకము వాద్యకారుని మెడలో పడును; వాద్యము తరువాతి చేతిలో పడవలెను. రెండును వేరు పనులు.

జపానువారి కథలో నాకు ముఖ్యముగా తోచునది బిరుదము కాదు, కింకో సేకరణ. గండము రాకముందే ముప్పదియారు పాటలు ఒకచో చేరియుండెను. గండము వచ్చినప్పుడు మోసికొనిపోవుటకు మూట సిద్ధముగ నున్నది. కిన్నెరకు ఆ మూట యింకను పూర్తిగా కట్టబడలేదు. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు, పాలమూరు విశ్వవిద్యాలయపు ఆచార్య గూడూరు మనోజగారు మన జానపదుల, ఆదివాసుల మూలవాద్యములను పల్లెపల్లె తిరిగి సేకరించి ప్రదర్శించిరి. మనోజగారి వంటి విదుషీమణి యీ పనికి పూనుకొనుట మనకెల్ల సంతోషము. వాద్యములు కొంతవరకు దక్కినవి. సాయన్న కథ మొదటినుండి తుదివరకు, ఎచ్చట మాట యాగునో ఎచ్చట తంతి పలుకునో తప్పకుండ, ఎన్ని పాఠములలో నెక్కినదో ఆ లెక్క వేరు. చలనచిత్రపు పంక్తులు నాలుగు కథ కావు.

మొగులయ్యగారి తరువాత పండ్రెండు మెట్లపై వ్రేళ్ళు నడుపువారు కావలెను. అందు ఆడపిల్ల లుండరాదను నియమమేదియు నాకు సమ్మతము కాదు. కొముసోలలో స్త్రీలు లేకుండిరి. నేడు జపానులోను, దాని వెలుపలను షాకుహాచి నూదు స్త్రీలు పెక్కురు. డక్కలి యింటి బాలిక కిన్నెర ముట్టినచో ఎవరి సొమ్ము పోవును? పెరయింటి బాలిక ఆ యింటికి పోయి నేర్చుకొన్నచో మాత్రము, ఏనాటినుండియో ఉన్న దూరము ఒక జానెడైన తగ్గును.

మన చేతనగు పని యేమని యడుగు సోదరీమణులకు నాకు తోచిన దానిని చెప్పెదను. ఇంట శుభకార్యమయిన బ్యాండుమేళమునకు, దీపములకు వేలకువేలు పోయుచున్నాము. అందొక గంటను కిన్నెరకు విడువరాదా? పిలిచినప్పుడు, రెండుపాటలు వాయించి పొమ్మని వాకిట నిలుపక, పూటభోజనము పెట్టి, ముందుగానే పైకము నిర్ణయించి, ఒక కథను పూర్తిగా చెప్పించుకొనవలెను. చేతి ఫోనులో శబ్దము పట్టుట నేడు పసివాండ్రకును తెలిసిన విద్య. వాద్యకారుని అనుమతితో కథ నంతయు పట్టి, ఆ ప్రతి నొకదానిని ఆయన బిడ్డలకే యియ్యవలెను. ఊరిబడిలో ఉపాధ్యాయినులుగా నున్నవారు ఇంకను సులువుగా చేయగలరు. ఎనిమిదవ తరగతి పాఠము చెప్పు దినమున పుస్తకములోని బొమ్మ చూపుటకు మారుగా, దగ్గరి పల్లెనుండి కిన్నెరను తెప్పింపవచ్చును. పిల్లలను ముందువరుసను కూర్చుండబెట్టుడు. బుర్రలను తట్టనిండు, మైనమును వాసన చూడనిండు, మెట్లు పండ్రెండును వారినే లెక్కపెట్టుకొననిండు.